కదలని గంగాళం

బార్లీ కల్లు కాచిన ఇంటి గుమ్మం మీద ఆకుల కట్ట కట్టిన గడ పైకి లేచిందంటే చాలు, మా వాడంతా చెంబులూ కూజాలూ పట్టుకుని వచ్చేస్తుంది. ఆ బుధవారం హవీస్ ఇంటి గడ లేవలేదు. అయినా వాడంతా వచ్చింది. వట్టి చేతులతో వచ్చింది.

వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల నేలంతా తడి. తడి మీద గడ్డి పరిచారు. గడ్డి మీద ఇసోట్ పడుకుని ఉంది. హవీస్ తన తలగుడ్డ తీసి కూతురి మీద కప్పింది. నాలుగేళ్ళ పిల్ల, ఆ గుడ్డ కాళ్ళ దాకా సరిపోయింది. పెళ్ళయిన ఆడది పదిమంది ముందు జుట్టు విరబోసుకుని కూర్చోవడం యార్క్ నగరంలో ఎంత తప్పో చెప్పక్కర్లేదు. వేరే రోజయితే చర్చి మెట్ల దగ్గర వారం రోజులు చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. పక్కింటి గున్నిల్డా, కొవ్వొత్తులు పోసే ముసలమ్మ, తన తల మీది రెండో గుడ్డ విప్పి హవీస్ జుట్టు మీద వేసి, గడ్డం కింద ముడి వేసింది. పసిపిల్లకి వేసినట్టు వేసింది.

హవీస్ ఒడిలో నీళ్ళ గిన్నె ఉంది. చేతిలో గుడ్డపీలిక. చెయ్యి గడ్డి వైపు వెళ్ళినప్పుడల్లా గున్నిల్డా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగుతోంది.

"వద్దు పిల్లా. విచారణ దొర వచ్చి చూసేదాకా తాకకూడదు."

"మొహం ఒక్కటే తుడుస్తానత్తా."

"మొహం కూడా వద్దు. వంతెన కింద తేలిన పడవవాణ్ణి పాపమని ఒడ్డుకు లాగి కళ్ళు మూశారని ఆ పేటపేటంతటికీ జరిమానా వేశారు, మర్చిపోయావా? దేవుడు ఒప్పుకున్నా దొరలు ఒప్పుకోరు."

"బార్లీ కషాయం తీపి అత్తా. ఆరితే అంటుకుపోతుంది. తర్వాత రాదు."

గున్నిల్డా మొహం తిప్పుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

పొయ్యి మీద గంగాళం ఇంకా ఒక పక్కకి ఒరిగే ఉంది, మోకాలు విరిగిన ముసలి ఆవులాగా. మూడు కాళ్ళ కంచు గంగాళం. ఒక మనిషి కూర్చుంటే తల మాత్రమే కనబడేటంత పెద్దది. మూడు కాళ్ళలో ఒకటి సగానికి విరిగింది. ఆ కాలి కింద ఒక పలకరాయి పెట్టి నిలబెట్టుకుంటూ వస్తోంది హవీస్. గంగాళం తనది కాదు. రేనర్ గారిది. ఆయన దగ్గర ఇలాంటివి అరడజను దాకా ఉన్నాయి, కల్లు కాచుకునే ఆడవాళ్ళకి అద్దెకిస్తాడు. క్రిస్మస్‌కి చెప్పింది కాలు విరిగిందని. ఉపవాస దినాల్లో చెప్పింది. ఈస్టర్ వెళ్ళాక చర్చి గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పింది. "పెంతెకోస్తు పండగ కానీ హవీసూ, కంచరి చేత అతికిద్దాం" అన్నాడు. పండగకి చర్చి ఆవరణలో ఊరంతా తాగే కల్లు. దాని మీద వచ్చే డబ్బు చర్చి కప్పు బాగుచేయడానికి. అందుకని ఈసారి అంచుదాకా నింపమన్నాడు. నింపింది.

బావి దగ్గర చేద లాగుతుంటే గంగాళం చప్పుడు వినబడలేదామెకి. రాయి నేల మీద గీసుకున్న చప్పుడు వినబడింది. అంతే. వచ్చేసరికి గంగాళం ఒరిగి, సలసల కాగే కషాయంలో ఇసోట్ పడి ఉంది, చేతిలో చిన్న పుల్ల. అమ్మకి సాయమని రోజూ పొయ్యిలో ఒక పుల్ల వేస్తుంది. ఒకటే. రెండోది వేస్తే అమ్మ కోప్పడుతుందని తెలుసు.

పిల్ల కూర్చునే ముక్కాలి పీట గుమ్మం పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దాని మీద ఒక్క చుక్క తడి లేదు.

*

పొద్దు వాలుతుండగా రేనర్ గారు వచ్చాడు. రేనర్ గారు చెడ్డవాడని మా వాడలో ఎవరూ అనరు. బీదవాళ్ళ పాడె మోయడానికి ముందుకొస్తాడు, చలికాలం కట్టెలు పంచుతాడు. ఆ రోజు కూడా మంచి మైనపు కొవ్వొత్తి ఒకటి తెచ్చి పిల్ల తల దగ్గర వెలిగించాడు. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. లేచి, వెంట వచ్చిన పనివాళ్ళిద్దరికీ కళ్ళతో సైగ చేశాడు. వాళ్ళు గంగాళం చెవులు చెరొకటీ పట్టుకుని ఎత్తారు, పలకరాయిని విరిగిన కాలి కిందకి తోశారు. గంగాళం తిన్నగా నిలబడింది.

గుమ్మం దగ్గరి జనాన్ని పంపించేసి తలుపు చేరవేశాడు. లోపల హవీస్, గున్నిల్డా మిగిలారు.

"హవీసూ, నా మాట విను. రేపు పొద్దున విచారణ దొర వస్తాడు. ప్రాణం తీసిన వస్తువు దేవుడి సొత్తు. నీకు తెలియంది కాదు. బండి తొక్కితే బండి పోతుంది. ఎద్దు కుమ్మితే ఎద్దు పోతుంది."

"అమ్మేసి బీదలకి పంచుతారుట" అంది గున్నిల్డా, చీకట్లోంచి. "నాకు డెబ్భై ఏళ్ళొచ్చాయి. నాకంటే బీదవాళ్ళెవరో గానీ ఇంతవరకూ నా దాకా రాలేదు."

రేనర్ గారు వినిపించుకోలేదు. "కదిలిన వస్తువుదే తప్పు. కదలకుండా నిలబడ్డదానిది కాదు. అదీ చట్టం. గంగాళం ఒరిగిందని నువ్వన్నావనుకో, గంగాళం పోతుంది. నాకు నష్టమే, కాదనను. కానీ నీకో? రేపట్నించి దేంట్లో కాస్తావు? చెంబులోనా? ఇంకో గంగాళం నీకు నేనివ్వలేను, అన్నీ అద్దెల్లో ఉన్నాయి."

హవీస్ గడ్డి వైపే చూస్తోంది. ఒక ఈగ వచ్చి గుడ్డ అంచు మీద వాలింది. చేత్తో తోలింది. గుడ్డని తాకకుండా, గాలిని తోలింది.

"ఏం చెప్పమంటారు?" అంది చివరికి.

"పిల్ల పీట వేసుకుని ఎక్కింది. జారి లోపల పడింది. గంగాళం కదల్లేదు. పీట పోతుంది. ఒక కర్రముక్క."

"దాని పీట గుమ్మం దగ్గరుందయ్యా."

రేనర్ గారు గుమ్మం దగ్గరికి వెళ్ళి, పీట ఎత్తి తెచ్చి, పొయ్యి పక్కన పెట్టాడు. ఒకసారి చూసుకున్నాడు. పక్కకి పడుకోబెట్టాడు. మళ్ళీ చూశాడు. కొయ్య గరిటె తీసి గంగాళం అడుగున మిగిలిన కషాయం ఒక గరిటెడు ముంచి, పీట మీద ఒంపాడు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా ఒంపాడు.

గున్నిల్డా లేచి నిలబడింది. "రేనరూ! నీ పెళ్ళికి కొవ్వొత్తులు పోసినదాన్ని నేను. నీ తల్లి పోతే రాత్రంతా కూర్చున్నదాన్ని. పసిదాని పీట మీద ఆ పని చెయ్యకురా."

"గున్నిల్డమ్మా" అన్నాడాయన, గరిటె జాగ్రత్తగా తీసిన చోటే పెడుతూ. "నీ ఇంటికి ఈ చలికాలంలోపు కొత్త గడ్డి కప్పిస్తానన్నాను. గుర్తుంది నాకు. ఆ ఇల్లు నాదన్న సంగతి కూడా గుర్తుంది."

ముసలమ్మ కూర్చుంది. కూర్చునేటప్పుడు మోకాళ్ళు చప్పుడయ్యాయి.

"కర్రముక్కేగా" అంది హవీస్, ఎవరితోనో.

*

విచారణ దొర పొద్దున్నే వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి. బూట్లు మోకాలిదాకా బురద. నది అవతల గోడ కూలి పోయినవాణ్ణి మధ్యాహ్నంలోపు చూడాలట, అందుకని తొందరలో ఉన్నాడు. వెంట రాసుకునేవాడు ఒకడూ, మోసేవాడు ఒకడూ. వాడలో పెద్దమనుషులు పన్నెండు మంది సందులో వరసగా నిలబడ్డారు. ముందు రేనర్ గారు, ఆయన పక్కన రొట్టెల హామో, తర్వాత మిగిలినవాళ్ళు. అందరూ హవీస్ కల్లు తాగినవాళ్ళే. అందరూ ఆ గంగాళం కాలు చూసినవాళ్ళే. హామో అయితే ఒకసారి ఆ రాయిని తనే సరిచేసి, "జాగ్రత్త వదినా, ఇది నా మొదటి పెళ్ళాం లాంటిది, ఎప్పుడు ఒరుగుతుందో తెలీదు" అని నవ్వించాడు కూడా.

దొర గుడ్డ ఎత్తి చూశాడు. మళ్ళీ కప్పాడు. కప్పేటప్పుడు మెల్లిగానే కప్పాడు.

"ముందు చూసిందెవరు?"

"నేనేనయ్యా. తల్లిని."

"కేక పెట్టావా?"

"పెట్టాను."

"పెట్టింది, పెట్టింది, సందు చివరిదాకా వినబడింది" అన్నారు నలుగురైదుగురు. చావు చూసి కేక పెట్టకపోతే వాడంతటికీ జరిమానా.

సువార్త పుస్తకం ముందుకొచ్చింది. హవీస్ చెయ్యి చాపింది. చేతిని పావడకి తుడుచుకుని మళ్ళీ చాపింది. ఎంత తుడిచినా వేళ్ళు జిగటగానే ఉన్నాయి. పుస్తకం అట్ట మీద పెడితే అంటుకున్నట్టయింది.

దొర గంగాళం చుట్టూ ఒకసారి తిరిగాడు. అంచు మీద చెయ్యి వేసి నొక్కాడు. ఖాళీ గంగాళం. రాత్రి సర్దిన రాయి. బుద్ధిగా నిలబడింది.

"గంగాళం కదిలిందా?"

సందులో ఎవరో దగ్గారు. రేనర్ గారు నేల వైపు చూస్తున్నాడు. హామో ఆకాశం వైపు చూస్తున్నాడు. హవీస్ గున్నిల్డా కోసం చూసింది. ముసలమ్మ తన ఇంటి గుమ్మంలో నిలబడి, తలుపుకి నుదురు ఆనించి ఉంది.

"కదల్లేదు."

"మరి?"

"పిల్ల పీటెక్కింది."

"ఎక్కవద్దని చెప్పలేదా?"

ఈ ప్రశ్న వస్తుందని రేనర్ గారు చెప్పలేదు. హవీస్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"చెబితే వినదయ్యా."

ఆ మాట బయటికి వచ్చాక గానీ ఆమెకి తెలియలేదు, ఏమన్నదో. చెబితే వినే పిల్ల. ఒక్క పుల్ల అంటే ఒక్క పుల్లే వేసే పిల్ల. నోరు తెరిచింది, ఇంకేదో అందామని. దొర అప్పటికే పెద్దమనుషుల వైపు తిరిగాడు. "మీరు?" అన్నాడు. రేనర్ గారు పుస్తకం ముట్టుకుని, అలాగే జరిగిందన్నాడు. హామో అలాగేనన్నాడు. మూడోవాడు అలాగే. నాలుగోవాడు అలాగే. చిట్టచివరివాడు పాపం చెవిటివాడు, ముందువాడు తలూపితే తనూ ఊపాడు.

రాసుకునేవాడు రాసుకున్నాడు. మోసేవాడు వంగి పీట ఎత్తాడు.

"అయ్యా" అంది హవీస్.

వాడు ఆగాడు.

"దాని అంచు మీద... గాట్లున్నాయి."

వాడు పీట తిప్పి చూశాడు. "ఎలకలా?"

"మా పిల్లవి. పళ్ళొచ్చేటప్పుడు కొరికేది."

కుర్రవాడేం కాదు, ముగ్గురు పిల్లల తండ్రిలాగే ఉన్నాడు. గాట్ల మీద బొటనవేలు పెట్టి ఒకసారి రాశాడు. "దేవుడి సొత్తు కదమ్మా" అని, పీటని చంకలో పెట్టుకున్నాడు. మూడు కాళ్ళూ వెనక్కి పొడుచుకుని, చంకలో గొర్రెపిల్లలా కనబడింది. హవీస్ సందు మలుపు దాకా వాడి వెనకాలే నడిచింది. ఎందుకు నడుస్తోందో ఎవరూ అడగలేదు. మలుపు దగ్గర ఆగిపోయింది. వాడు జనంలో కలిసిపోయాడు.

వెనక్కొచ్చి నీళ్ళ గిన్నె ముందు పెట్టుకుంది. ఇప్పుడు తాకవచ్చు. అనుకున్నట్టే అంటుకుపోయింది కషాయం. నీళ్ళు వెచ్చబెట్టి, గుడ్డ తడిపి, మెల్లిగా, ఒక్కొక్క వెంట్రుక విడదీస్తూ కూర్చుంది. గున్నిల్డా వచ్చి రెండో పక్క కూర్చుంది. కనుబొమల దగ్గర కొంచెం రానేలేదు. అలాగే ఉంచేశారు.

*

ఆ సాయంత్రమే చర్చి గోడ పక్కన పూడ్చారు. గంట కొట్టించింది రేనర్ గారే. చర్చి గురువుగారు చల్లిన నీళ్ళలో ఒక చుక్క హవీస్ పెదవి మీద పడింది. తుడుచుకోలేదు.

శుక్రవారం పొద్దున లేచి పొయ్యి రాజేసింది. ఏం చేస్తుంది? పండగ పీపా ఇవ్వాలి. గంగాళంలోకి దిగి కూర్చుని ఇసకతో, బూడిదతో, మళ్ళీ ఇసకతో తోమింది. వేళ్ళ కణుపులు చిట్లాయి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ దంచి, వేడినీళ్ళు పోసి, కలిపి, వడకట్టి, కాచింది. సువాసన ఆకులు వేసింది. చల్లారబెట్టి, గున్నిల్డా ఇంట్లో దాచిన పాత కల్లు నురగ తెచ్చి తోడు వేసింది. చేతులకి అన్నీ గుర్తున్నాయి. చేతులకి ఏమీ తెలియదు. గంగాళం నింపేటప్పుడు మాత్రం సగానికే ఆపింది. ఆపి, రాయి వైపు చూసింది.

ఆదివారం చర్చి ఆవరణలో పీపాలు వరసగా పెట్టారు. ఎవరి పీపా ఏదో గుర్తులేం ఉండవు. కానీ మా వాడకి కళ్ళున్నాయి. "ఏది హవీస్‌ది?" అని ఒకరు, "ఆ చివరిది" అని ఒకరు. బాకా వాడు బాకా ఊదాడు, డప్పు వాడు డప్పు వాయించాడు, పిల్లలు పూలదండలు వేసుకుని గెంతారు. మిగతా పీపాలు డొల్ల చప్పుడు చేస్తుంటే చివరి పీపా నిండుగా నోరు మూసుకుని కూర్చుంది.

కల్లు రుచి చూసి బాగుందని చెప్పే పెద్దాయన ఒక్కడే, అది ఆయన ఉద్యోగం కాబట్టి, ఒక గుక్క తాగాడు. "మంచి కల్లు. నిజానికి అన్నింట్లోకీ ఇదే మంచి కల్లు" అన్నాడు. అని, చెంబు సగం పైన ఉండగానే కింద పెట్టేశాడు.

హవీస్ గోడ పక్కన కొత్త మట్టి దగ్గర కూర్చుంది. వెనకాల చెట్టు నీడలో ఆడవాళ్ళ మాటలు.

"పాపం అనిపిస్తుందే, ఎంతైనా కన్నతల్లి."

"పాపం సరే. కళ్ళెదుట పిల్ల పీటెక్కుతుంటే చూసుకోనిది, కల్లులో ఏం పడిందో చూసుకుందంటావా?"

"ఛీ, ఊరుకో."

"నేనన్నానా? పుస్తకం మీద చెయ్యేసి తనే చెప్పింది. పిల్ల మాట వినదుట. వినేలా పెంచితే కదా. మా అమ్మ అయితే పొయ్యి వైపు చూస్తేనే వీపు చిట్లగొట్టేది."

హవీస్ లేచి వాళ్ళ ముందుకెళ్ళి నిలబడింది. వాళ్ళు గతుక్కుమన్నారు. మా ఇసోట్ మాట వినే పిల్ల అని చెబుదామని వెళ్ళింది. చెబితే తర్వాతి మాట ఏమవుతుందో ఆమెకీ తెలుసు. మరి ఎలా పడిందంటారు. గంగాళం ఒరిగిందంటే పన్నెండు మంది పుస్తకం ముట్టుకున్నది ఏమవుతుందంటారు.

"ఏం వదినా?" అంది ఒకావిడ, భయంభయంగా.

"ఏం లేదు" అంది హవీస్.

*

సోమవారం రేనర్ గారి పనివాళ్ళు తోపుడు బండి తెచ్చారు. వెనకాల ఆయనే వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"కొన్నాళ్ళు ఊపిరి తీసుకో హవీసూ. నీ మొహం చూడు ఎలా అయిందో."

"గంగాళం పోతే దేంట్లో కాస్తానని మీరే అడిగారయ్యా."

"అడిగాను. కాదనట్లేదు. కానీ ఎవరు తాగుతున్నారు? నిన్న చూశావుగా. నేనేం రాయినా? నెల గడవనీ, రెండు నెలలు గడవనీ, జనం మర్చిపోతారు. అప్పుడు చూద్దాం. అంతదాకా వీధి చివర పెర్నెల్ అడుగుతోంది, మొగుడు మంచాన పడ్డాడు, చిన్నపిల్ల ఉంది. ఆమెకి మాత్రం ఆధారం వద్దా?"

"ఆ కాలు అతికించి ఇవ్వండయ్యా ఆమెకి."

రేనర్ గారు టోపీ పెట్టుకున్నాడు. "ఏ కాలు?" అన్నాడు.

వెక్కిరింపుగా అనలేదు. నిజంగా అడిగినట్టే అన్నాడు. దానికే హవీస్‌కి భయం వేసింది. నాలుగు రోజుల్లో ఆయన మరిచిపోయాడు. గంగాళం కదల్లేదని ఆయన నమ్మేశాడు.

పనివాళ్ళు గంగాళాన్ని బండెక్కించి, తాళ్ళు కట్టి తోసుకుపోయారు. సందులో రాళ్ళ మీద కంచు డంగుడంగున మోగుతూ వీధి చివరిదాకా వినబడింది. పొయ్యి దగ్గర బూడిదలో పలకరాయి ఒంటరిగా మిగిలింది. నున్నగా, ఒక మూల కొంచెం అరిగి. హవీస్ దాని వైపు చాలాసేపు చూసింది. తర్వాత పావడ ఒడిలో రాయిని ఎత్తుకుని బయల్దేరింది. బరువుకి వంగిపోయి, నిండు చూలాలిలా నడిచింది.

పెర్నెల్ ఇంట్లో అప్పుడే పొయ్యి అంటించారు. గంగాళం మధ్యలో కూర్చుంది. విరిగిన కాలి కింద రెండు పెంకుముక్కలు. అంచుకి బెత్తెడు తక్కువగా నీళ్ళు. పెర్నెల్ చిన్నది, ఇరవై దాటి ఉండవు, చేతులు మోచేతులదాకా పిండి. ఆమె పావడ పట్టుకుని, నిలబడటం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న టిబ్ అనే పిల్ల. నోట్లో పిడికిలి పెట్టుకుని చొంగ కారుస్తోంది. పళ్ళు వస్తున్నాయి.

"పెర్నెల్, ఈ రాయి పెట్టుకో. ఆ పెంకులు ఆగవు."

పెర్నెల్ రాయిని చూసి ఒక అడుగు వెనక్కి వేసి, వేళ్ళతో సిలువ గుర్తు వేసుకుంది. "అక్కా, అది... అది ఆ రోజు ఉన్న రాయేనా? నా ఇంట్లోకి తేకు. నీకు దణ్ణం పెడతాను."

"రాయి మంచిదే. గంగాళమే కదులుతుంది."

"ఏంటీ?"

"కదులుతుంది. నిండుగా పోస్తే ఒరుగుతుంది. నింపకు. పిల్లని దగ్గరికి రానివ్వకు."

పెర్నెల్ మొహం మారింది. భయం పోయి ఇంకేదో వచ్చింది. "కదలదని నువ్వే కదా అన్నావు? దొర అడిగితే, పుస్తకం మీద చెయ్యి పెట్టి, ఇంతమందిలో. మంచం మీదున్న మా ఆయన దాకా ఆ మాట వచ్చింది."

"అన్నాను."

"మరి?"

"అబద్ధం."

పొయ్యిలో పుల్ల ఒకటి చిటపటమంది. పెర్నెల్ పిల్లని ఎత్తి చంకన వేసుకుంది. గంగాళం వైపు చూసింది. ఆ చూపులో ఒక్క క్షణం, హవీస్ స్పష్టంగా చూసింది, నమ్మకం మెరిసింది. తర్వాత లోపలి గదిలోంచి మగమనిషి దగ్గు వినబడింది. ఆగకుండా, పొడి దగ్గు. పెర్నెల్ ఆ దగ్గు ఆగేదాకా విని, పిల్లని కిందకి దింపింది.

"నీ చేతిలోంచి పోయి నాకొచ్చిందని కుళ్ళు అక్కా నీకు. నాకు తెలుసు. తప్పు లేదు, నేనైనా అలాగే ఏడుస్తాను. కానీ నా పొయ్యి మీద నీళ్ళు పోయకు." గుమ్మం వైపు చూపించింది. "పో అక్కా."

హవీస్ రాయిని గుమ్మం బయట దింపి చర్చికి వెళ్ళింది. గురువుగారు పండగ తివాచీలు దులిపిస్తున్నాడు. పక్కకి పిలిచి, మోకాళ్ళ మీద కూర్చుని, మొత్తం చెప్పింది. రాయి, కాలు, గరిటె, పీట, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. చివరిదాకా విని, నుదురు రుద్దుకున్నాడు.

"నాకు చెప్పావు. దేవుడు విన్నాడు. చాలు."

"దేవుడు వింటే చాలదు గురువుగారూ. పెర్నెల్ వినాలి. మీరు పీఠం మీంచి చెప్పండి."

"ఏమని చెప్పను తల్లీ? పన్నెండు మంది పెద్దమనుషులు సువార్త ముట్టుకుని అబద్ధమాడారని చెప్పనా? ఒక గంగాళం కాలి కోసం వాడ వాడంతటినీ నరకానికి పంపమంటావా? అందులో నువ్వూ ఉన్నావు. పాపం ఒప్పుకున్న మాట నేను బయటపెట్టకూడదు కూడా, అది నీకు తెలుసు." తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది. "ప్రాయశ్చిత్తంగా నలభై రోజులు రొట్టె, నీళ్ళ మీద ఉండు. ఎలాగూ ఇంకేముందిలే నీ ఇంట్లో."

ఆ చివరి మాట ఆయన జాలితోనే అన్నాడు.

హవీస్ వీధి చివరికి తిరిగొచ్చేసరికి పెర్నెల్ ఇంటి కప్పులోంచి పొగ దట్టంగా లేస్తోంది. తలుపు తెరిచే ఉంది. లోపల గంగాళం నిండింది. అంచుదాకా నిండింది. కొత్తగా కాస్తున్నవాళ్ళు అలాగే నింపుతారు. హవీస్ అయినా మొదట్లో అలాగే నింపేది. పెంకుముక్కల్లో ఒకటి అప్పుడే నెర్రె ఇచ్చింది.

లోపలికి వెళ్ళలేదు. గుమ్మం బయట తను దింపిన రాయి అలాగే ఉంది. దాని మీద కూర్చుంది. కాళ్ళు గడపకి అడ్డంగా లోపలికి చాపింది, అలా చాపితే పొయ్యికీ గుమ్మానికీ మధ్య నేల సగం మూసుకుంటుంది.

"అక్కా, పొమ్మన్నానా?"

హవీస్ కాళ్ళు ఇంకాస్త లోపలికి చాపింది.

"నీళ్ళకి వెళ్ళాలి నేను. లే."

లేవలేదు. పెర్నెల్ చేద పట్టుకుంది. పావడ ఎత్తి పట్టుకుని, ఆ కాళ్ళ మీదుగా దాటి బావికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

రేనర్ గారు ఆ దారినే వస్తూ ఆగాడు. "గడ ఎప్పుడు ఎత్తుతుందో అడిగి చెప్పు హవీసూ, మావాళ్ళకి ఒక కూజా కావాలి" అని, వెళ్ళిపోయాడు.

లోపల టిబ్ గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలింది. మంట వైపు ఒక అడుగు వేసింది. అడ్డంగా ఉన్న కాళ్ళు తగిలి, వాటి మీద పడి, ఏడుద్దామా వద్దా అని చూసి, పాక్కుంటూ హవీస్ ఒడిలోకి వచ్చింది. చేతికి దొరికిన చెయ్యి పట్టుకుంది. ఇసక రాసుకుని చిట్లిన వేలి కణుపుని నోట్లో పెట్టుకుని, వస్తున్న పళ్ళతో, ఉన్న బలమంతా పెట్టి కొరకసాగింది.

హవీస్ చెయ్యి తీసుకోలేదు. కళ్ళు మాత్రం ఆ పెంకుముక్క మీదనుంచి తిప్పలేదు.